కనపడని చేతులు

చూపుడువేలి గోరు పక్కన మరక మాత్రం వదలలేదు. మిగతా వేళ్ళు ఒక మాదిరిగా తేలాయి. అరచేతి గీతల్లో నలుపు కూడా కాస్త పలచబడింది. లోవరాజు ఇటుకముక్కను కాలవ నీళ్ళలో ముంచి, దాని మీద ఇంత చింతపండు పిప్పి అద్ది, మళ్ళీ ఆ గోరు పక్కనే తోమాడు. చర్మం ఎర్రబడి మండింది. మరక అలాగే ఉంది.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. అంబాజీపేట కాలవగట్టున రేవు రాయి మీద కూర్చుని ఉన్నాడతను. కుడికాలు నీళ్ళలో ఉంది. ఎడమకాలు మోకాలి కింద నాలుగు వేళ్ళ మేర ఉండి ఆగిపోయింది. దానికి తగిలించుకునే కొయ్యకాలు పక్కన గట్టు మీద పడి ఉంది. కాస్త ఎగువన పీచు తీయడానికి కొబ్బరి డొక్కలు నానేసిన మడుగు. నెలల తరబడి నీళ్ళలో కుళ్ళిన డొక్కల కంపు పొద్దున పూట మరీ ముక్కులు పగిలేలా వస్తుంది. ఆ కంపులోనే ఇక్కడి వాళ్ళు పళ్ళు తోముకుంటారు, ఆ కంపులోనే అన్నాలు తింటారు. పదేళ్ళ పైనే అయినా లోవరాజుకి అది అలవాటు కాలేదు. ఎండుచేపల మధ్య పెరిగిన మనిషి, కంపుకి భయపడేవాడు కాదు. కాని చేప ఎండుతుంది, ఇది కుళ్ళుతుంది. రెండూ ఒకటి కావని అతని ముక్కు రోజూ చెబుతూనే ఉండేది.

నలభై రెండేళ్ళ మనిషి. నడుం పైన చూస్తే పహిల్వాను: బలిసిన మెడ, పలకల్లాంటి భుజాలు, మోచేతి కింద తాళ్ళలా తేలిన నరాలు. నడుం కింద వేరే ఎవరిదో ఒళ్ళు తెచ్చి అతికించినట్టుండేది. కొయ్యకాలి మీద బరువు వేయలేక పన్నెండేళ్ళుగా కుడివైపుకే ఒరిగి నిలబడి, ఆ తుంటి ఎముక ఒక పక్కకి జరిగిపోయింది.

అతని పని కొబ్బరికాయలు వలవడం. వెంకటస్వామి గారి కొబ్బరి కొట్టు వెనక దొడ్లో నేలలో పాతిన ఇనప గునపం ముందు నిలబడి, కాయను రెండు చేతులా పట్టి మొన మీద గుచ్చి, మెలితిప్పి, డొక్క చీల్చాలి. మూడు పోట్లకి కాయ బయటికి రావాలి. నాలుగో పోటు పడిందంటే వాడికి పని రాదన్నట్టే. పచ్చి డొక్కలోంచి వగరు నీరు ఊరుతుంది. అది ఇనుముకి తగిలి, చేతికి పట్టి, ఆరితే నల్లగా బిగుసుకుంటుంది. వలుపు పని చేసేవాణ్ణి కోనసీమలో ఎక్కడైనా చేతులు చూసి చెప్పొచ్చు. ఎవరూ దాన్ని దాచుకోరు. లోవరాజు ఒక్కడే దాచుకునేవాడు, అదీ నెలకి ఒక్కరోజు, అమలాపురం పింఛనాఫీసుకి వెళ్ళే రోజు.

వెనక నుంచి వీరలక్ష్మి వచ్చి మరో ఉండ చింతపండు రాయి మీద పెట్టింది. భర్త చేతుల వంక చూసింది.

"ఏవయ్యా, రెండ్రోజులు పని మానేసుంటే సరిపోయేది కదా. ఇంత నలుపు ఎప్పుడూ లేదు."

"కార్తీకమాసంలో మానేత్తే షావుకారు ఊరుకుంటాడా? రాత్రి దాకా బళ్ళు ఎగుమతి అయ్యేయి."

"ఇయ్యాలైనా అడుగుతావా, పెంచిన డబ్బుల సంగతి?"

అతను తెగిన కాలి చివర కట్టిన గుడ్డ విప్పాడు. గుడ్డ అంటుకుని వచ్చింది. మొండి చివర రూపాయి బిళ్ళంత పుండు, దాని చుట్టూ వాపు, తడి. ఆ వాసన కూడా ఈమధ్య డొక్కల మడుగు వాసనలాగే తయారైంది. వీరలక్ష్మి మొహం పక్కకి తిప్పుకోలేదు గాని, ఊపిరి బిగపట్టిన సంగతి అతనికి తెలిసింది.

కొయ్యకాలు డెబ్భై రెండులో పూనా మిలటరీ ఆసుపత్రిలో ఇచ్చింది. లోపలి తోలు అరిగి, మేకు మొన బయటపడింది. గుడ్డలు కుక్కి, పీచు కుక్కి లాక్కొస్తున్నాడు. ఆ కాలితో రోజంతా గునపం ముందు నిలబడితే పుండు పడక ఏమవుతుంది? ఈ కొయ్యకాలు మార్చకపోతే పుండు ఎముకకి ఎక్కుతుందని కాంపౌండరు రెండుసార్లు చెప్పాడు. పూనా నుంచి కొత్త కాలికి రమ్మని ఉత్తరం వచ్చింది, ఉచితంగా రైలెక్కే వారంటుతో సహా. నెలాఖరులోగా హాజరు కావాలి, రెండు నెలలు అక్కడే ఉండాలి. ఆ రెండు నెలలూ ఇక్కడ వీరలక్ష్మి ఏం తింటుంది? ఆమె తాడు పేనితే వచ్చేది ఒక పూట గంజికి చాలదు. పింఛను మీద సర్కారు పెంచిన కరువు భత్యం బకాయి వస్తే పూనా వెళ్ళొచ్చు. రాకపోతే లేదు. ఇంత తిన్నని విషయాన్ని కూడా లోవరాజు ఆఫీసులో నోరు తెరిచి అడగలేకపోతున్నాడు. ఎందుకంటే చేతులు.

లోవరాజు పుట్టింది సముద్రం ఒడ్డున ఓడలరేవులో, జాలర్లింట. పంతొమ్మిదో ఏట ఎవరో వచ్చి ఎత్తు కొలిచి, ఛాతీ కొలిచి పటాలంలో చేర్చుకున్నారు. డెబ్భై ఒకటి యుద్ధంలో, పడమటి సరిహద్దు ఇసకలో, మందుపాతర మీద కాలు వేశాడు. అప్పుడతను శత్రువు మీదికేమీ ఉరకడం లేదు. నీళ్ళ డబ్బా మోసుకొస్తున్నాడు. ఊరికొచ్చాక నాలుగు రోజులు జనం తిరణాలకి వచ్చినట్టు వచ్చి చూశారు. అయిదో రోజు అన్నల వెంట పడవ దగ్గరికి వెళితే, పడవ పెద్ద భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఒడ్డునుండు తమ్ముడూ, నీ వాటా నీకొత్తాది" అన్నాడు. అవయవం లోటున్న మనిషి పడవెక్కితే గంగమ్మ వలలోకి చేపను పంపదని వాళ్ళ నమ్మకం. అన్నమాట ప్రకారం రోజూ సాయంత్రం చేపల వాటా ఇంటికి వచ్చేది. నెల రోజులు తిన్నాడు. ఆ తరవాత ముద్ద గొంతు దిగలేదు. పెళ్ళాన్ని తీసుకుని, సముద్రం చప్పుడు వినపడని చోటు వెతుక్కుంటూ అంబాజీపేట వచ్చాడు.

సర్కారు అతని ఒంట్లో అరవై శాతం లోటని తేల్చి, అందుకు తగ్గ పింఛను రాసింది. మధ్యలో రెండుసార్లు మెడికల్ బోర్డు పిలిచింది, పరిస్థితి ఏమైనా మెరుగైందేమో చూడ్డానికి. రెండుసార్లూ పెద్ద పెద్ద డాక్టర్లు వంగి చూసి, తెగిన కాలు తెగే ఉందని ఇంగ్లీషులో రాసి పంపారు.

చేతుల గొడవ తొమ్మిదేళ్ళ కింద మొదలైంది. ధరలు పెరుగుతున్నాయని సర్కారు పింఛను మీద కరువు భత్యం కలిపింది. అందుకు నెలనెలా ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పింఛనాఫీసులో ఆ సీటు జగన్మోహనరావు గారిది. తెల్లటి లాల్చీ, నుదుట గంధం, నోట్లో కిళ్ళీ. గుమాస్తాల్లో అంత మర్యాదస్తుడు జిల్లాలో ఉండడని పేరు. ఆయన కాగితం తిప్పి, "ఏ ఉద్యోగమూ చెయ్యట్లేదని పెట్టాలండి సంతకం" అన్నాడు. లోవరాజు కలం అందుకున్నాడు. ఆయన చూపు ఆ చేతి మీద ఆగింది.

"ఈ నలుపేవిటండి?"

"డొక్కలండి. కాయలు వలుత్తానండి."

"అయ్యయ్యో." ఆయన నిజంగానే బాధపడ్డట్టు నాలుక కరుచుకున్నాడు. "మరి పని చేస్తున్నట్టే కదండీ. మీరు చెప్పేసేరు, నేను వినేసేను. ఇప్పుడిది పైకి రాయకపోతే నా ఉద్యోగానికి ఎసరండి. రాస్తే మీ భత్యం పోతుంది, అసలు పింఛనుకే ముప్పు రావచ్చు."

లోవరాజు కలం కింద పెట్టేశాడు. ఆయన కాసేపు కిళ్ళీ నమిలి, కిటికీలోంచి ఎర్రగా ఉమ్మి వచ్చి కూర్చున్నాడు.

"పోనీలెండి. దేశానికి కాలిచ్చిన మనిషి. నాకు మీ చేతులు కనపడలేదనుకుంటాను. వచ్చేటప్పుడు మాత్రం కాస్త శుభ్రం చేసుకు రండి, పక్క సీటు వాళ్ళకి కళ్ళుంటాయి కదండీ." తరవాత ఎటో చూస్తూ, "అంబాజీపేట కాయకి మంచి పేరంటారు, నిజవేనాండి?" అన్నాడు.

పై నెల లోవరాజు ఇరవై కాయలు పట్టుకెళ్ళాడు. ఆ పై నెలా అంతే. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వలుపు మీద బతుకుతూ కొబ్బరి పచ్చడి ఎరగరు. ఆయనింట్లో మాత్రం తొమ్మిదేళ్ళుగా కొబ్బరికి లోటు లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది సర్కారు వరస అని లోవరాజు అనుకునేవాడు. సర్కారు అంత మాట అనలేదని, అన్నది కిళ్ళీ నోరని అతనికి తట్టలేదు. కాగితం ఇంగ్లీషులో ఉంది. పటాలంలో సంతకం నేర్పారు గాని చదువు నేర్పలేదు.

రెండేళ్ళ కింద భత్యం పెంచారని కాఫీ హోటల్లో రేడియో చెప్పింది. మళ్ళీ నిరుడు పెంచారని చెప్పింది. లోవరాజు పింఛను మాత్రం కదల్లేదు. "వస్తుందండి, కాగితం రావాలి కదండి" అనేవాడు జగన్మోహనరావు గారు. గట్టిగా అడగడానికి లోవరాజుకి గుండె చాల్లేదు. తేలు కుట్టిన దొంగ అరవగలడా? అడిగితే ఆయనకి చేతులు కనపడతాయి.

ఏడున్నర బస్సుకి బయల్దేరాడు. కాయల గోనెసంచి మూతి వీరలక్ష్మి పేనిన తాడుతో కట్టి ఉంది. కొయ్యకాలు తగిలించుకుని మొదటి అడుగు వేసినప్పుడు కళ్ళ ముందు పసుపుపచ్చగా ఏదో మెరిసింది. గట్టు చెట్టు పట్టుకుని నిలబడి, రెండో అడుగు వేశాడు.

బస్సు ముక్కామల దాటేసరికి నిండిపోయింది. కార్తీక సోమవారమని తలంట్లు పోసుకున్న ఆడవాళ్ళు, అరటిపళ్ళ గెలలు, పాలడబ్బాలు. లోవరాజు పక్కన కూర్చున్న పెద్దమనిషి ఒకటి రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, మర్యాదగా ఏమీ అనకుండా లేచి, ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీ అయిన చోట ఇంకెవరూ కూర్చోలేదు. లోవరాజు సంచి ఆ సీటు మీదికి జరిపి, చేతులు తుండుగుడ్డ కింద పెట్టుకున్నాడు.

ఆఫీసు వరండాలో గంటన్నర నిలబడ్డాడు. బెంచీ ఉంది గాని, కూర్చుంటే లేవడం కష్టం. పిలుపొచ్చి లోపలికి వెళితే జగన్మోహనరావు గారి కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. నూలు చీర, చేతికి మగవాళ్ళ గడియారం. కిటికీ చువ్వల మీద కిళ్ళీ మరకలు గీకి కడిగినట్టున్నారు, పూర్తిగా పోలేదు.

"రావుగారు లేరాండి?"

"ప్రమోషనొచ్చి పక్క బిల్డింగుకి మారేరండి. నా పేరు సత్యవేణి. ఇక నుంచి నేనే చూస్తాను. కూర్చోండి."

లోవరాజు కూర్చోలేదు. కొత్త కళ్ళు. తొమ్మిదేళ్ళ ఒప్పందం ఈ పిల్లకి తెలీదు. ఆమె కాగితం తిప్పి కలం అందించింది. అతను చేతిని తుండుగుడ్డలోంచి తీయకుండా, రెండో చేత్తో గోనెసంచిని బల్ల కిందికి నెట్టాడు.

"అవేంటండి?"

"కాయలండి. ఇరవయ్యండి. తవరికేనండి."

"నాకెందుకండీ?"

"నా చేతులండి." మాట తడబడింది. "రావుగారు చూసీ చూడనట్టుండేవోరండి. తవరు కూడా కొంచెం..."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా అడిగింది. గుచ్చిగుచ్చి అడిగితే లోవరాజు పటాలంలో అధికారికి చెప్పినట్టు నిటారుగా నిలబడి, ఏ నెలలో మొదలైందో, ఎవరేమన్నారో అంతా చెప్పి, చివర్న రెండు చేతులూ చాపి చూపించాడు, నేరం ఒప్పుకున్నవాడిలా. తోమి తోమి ఎర్రబడ్డ చేతులు. గోరు పక్కన నల్లటి మరక.

సత్యవేణి చాలాసేపు ఆ చేతుల వంకే చూసింది. తరవాత కాగితం అతని వైపు తిప్పి, ఒక వాక్యం కింద వేలు పెట్టి, మెల్లిగా తెలుగులో చెప్పింది.

"ఉద్యోగమంటే సర్కారు కొలువు గాని, కంపెనీలో నెలజీతం గానీనండి. కూలి పని సంగతి ఇందులో లేనే లేదు. మీరు కాయలు వలుచుకోవచ్చు, బండి లాగొచ్చు, ఎవరూ అడగరండి. అప్పుడు రావుగారూ అడగకుండా ఉండాల్సిందండి."

లోవరాజు "ఆయ్" అన్నాడు. ఏమనాలో తెలీనప్పుడు అతని నోటికొచ్చే మాట అది.

ఆమె బీరువాలోంచి అతని ఫైలు తీసి దుమ్ము దులిపింది. పేజీలు తిప్పుతుంటే మొహంలో రంగు మారింది. భత్యం పెంచిన ఉత్తర్వులు రెండూ అందులోనే ఉన్నాయి. వచ్చిన తేదీల ముద్రలతో సహా ఉన్నాయి. లోవరాజు పేరు మీద పైకి వెళ్ళాల్సిన కాగితం మాత్రం రాయనే లేదు. రాస్తే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. అడిగే మనిషి కాదు, అడగలేని మనిషి, అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి వరాన్ని బీరువాలో పెట్టి, పైగా నెలనెలా కొబ్బరికాయలు కొట్టించుకున్నాడు.

"నేనివాళే రాసి పంపిస్తానండి. బకాయితో సహా మొత్తం వస్తుంది."

"ఎప్పటికొత్తాదండి?"

"పై ఆఫీసుకెళ్ళి రావాలి. ఎంత తొందరపడినా మూడు నెలలండి."

నెలాఖరుకి పద్దెనిమిది రోజులుంది. లోవరాజు ఆ లెక్క పైకి చెప్పలేదు. పూనా ఉత్తరం జేబులోనే ఉంది, దాన్ని బయటికి తీయలేదు. సంతకం పెట్టాడు. అంత తేలిగ్గా, చెయ్యి దాచుకోకుండా, తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు. అందులో సుఖమేమీ కనిపించలేదు.

"ఆ కాయలు తీసుకెళ్ళిపోండి" అంది సత్యవేణి. ఆమె గొంతులో జాలి లేదు, సిగ్గు ఉంది. అది ఆమె పడాల్సిన సిగ్గు కాదు.

వరండాలో నడుస్తూ లోవరాజు ఒక మాట తయారు చేసుకున్నాడు. "తొమ్మిదేళ్ళు నన్ను దొంగని చేసేరు కదండీ." రెండుసార్లు లోపల అనుకుని చూసుకున్నాడు. చివర్న "అండీ" తీసేస్తే ఇంకా బావుంటుందనిపించింది. తీసేశాడు. మెట్లు దిగేసరికి మాట గునపం మొనలా సిద్ధంగా ఉంది.

గేటు బయట టీ కొట్టు దగ్గర జగన్మోహనరావు గారు సైకిలు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోవరాజుని చూడగానే మొహం విప్పారింది.

"అరెరె, లోవరాజు గారా. బాగున్నారాండి? కాలెలా ఉంది? సీటు మారేనండి, మీకు కబురు చెయ్యడం కుదర్లేదు." చూపు సంచి మీద పడింది. "కార్తీకమాసం కదండీ, ఇంట్లో రోజూ అభిషేకాలు. నిన్ననే మా ఆవిడ అడిగింది, లోవరాజు గారు ఇంకా రాలేదేవండీ అని."

ఆ మనిషి కళ్ళలో రవ్వంత బెరుకు లేదు. తను తప్పు చేశానన్న సంగతి ఆయనకే గుర్తు లేదు. అన్నం తిన్నంత మామూలుగా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు. పెదాల మూల ఎర్రటి తడి. లోవరాజు నోరు తెరిచాడు.

"ఆయ్. తెచ్చేనండి."

అన్నది తనేనని ఒక క్షణం నమ్మలేకపోయాడు. అప్పటికే సంచి ఎత్తాడు. సైకిలు క్యారేజీ మీద పెట్టాడు. జారిపోకుండా, వీరలక్ష్మి పేనిన తాడు కొస లాగి, రెండు చుట్లు తిప్పి, పటాలంలో నేర్పిన ముడి వేశాడు.

"మీ మేలు మర్చిపోనండి" అని జగన్మోహనరావు గారు సైకిలెక్కాడు.

ఎదురుగా ఉన్న మనిషి నొచ్చుకోకూడదు. అడిగినవాడికి లేదనకూడదు. గారు అననిదే పేరు పలకకూడదు. తల్లి పాలతో పట్టిన ఈ మర్యాద మందుపాతర కన్నా చెడ్డదని ఆ పూట లోవరాజుకి అనిపించింది. ఆ మందుపాతర ఒక కాలే తీసుకుంది. అతను మురిక్కాలవ పక్కన నిలబడి ఉమ్మేశాడు. గుమాస్తా మీద కాదు, సర్కారు మీదా కాదు. తన నోట్లో నానుతున్న ఆ "ఆయ్" ని ఉమ్మాలని చూశాడు. ఎన్నిసార్లు ఉమ్మినా పోలేదు.

ఇంటికొచ్చేసరికి వీరలక్ష్మి అరుగు మీద పీచు పరుచుకుని తాడు పేనుతోంది.

"ఏవన్నారు?"

"వత్తాదంట. మూణ్ణెల్లు."

"పూనా మరి?"

"తరవాత చూద్దాం."

ఆమె తాడు ఆపి, అసలు భయం అడిగింది. "చేతులు చూసేరా?"

చెప్పాలనుకున్నాడు. చెబితే మొత్తం చెప్పాలి. తొమ్మిదేళ్ళ ఇటుక తోముడు దేనికీ కాదని చెప్పాలి, ఆమె పచ్చడి లేకుండా తిన్న గంజి గురించి చెప్పాలి, అన్నీ తెలిశాక కూడా సంచి తనే ఎత్తి తనే ముడి వేసి పంపానని చెప్పాలి. ఆ చివరి మాట పెళ్ళాం మొహం చూస్తూ ఎలా చెబుతాడు?

"లేదు" అన్నాడు.

కాలు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు చూరులోంచి ఇటుకముక్క తీశాడు. కాలవలోకి విసిరేద్దామని చెయ్యి ఎత్తాడు. అరచేతిలో అది సరిగ్గా ఇమిడింది. తొమ్మిదేళ్ళుగా బొటనవేలు ఆనిన చోట గుంట పడి ఉంది. పారేస్తే రేపో ఎల్లుండో వీరలక్ష్మి, ఇటుకేదీ అంటుంది. తిరిగి చూరులో పెట్టేశాడు.

మర్నాటి నుంచి అతను చేతులు కడుక్కోవడం మానేశాడు. అన్నానికి కూర్చున్నా సరే, ఒట్టి నీళ్ళు చిలకరించుకుని తినేవాడు. నలుపు మణికట్టు దాటి పైకి పాకింది. చూసిన కూలీలు నవ్వుతూ, "సిపాయి గారు, ఏమిటండీ ఇది" అంటే, చేతులు వాళ్ళ మొహాల ముందు పెట్టి తిప్పి చూపించేవాడు. నవ్వేవాడు కాదు. పూనా ఉత్తరం గడువు దాటిపోయింది. కాలికి గుడ్డ మీద గుడ్డ చుట్టేవాడు. సాయంత్రాలు ఒళ్ళు కాలిపోతుండేది. ఆసుపత్రికి పోదామని వీరలక్ష్మి పోరితే, కార్తీకం వెళ్ళనీ, షావుకారు వదలడు అన్నాడు.

కార్తీకం వెళ్ళింది. ఆ తరవాత తొమ్మిదో రోజు పొద్దున జ్వరంతోనే పనికి వచ్చాడు. పది గంటలప్పుడు అతని గునపం చప్పుడు ఆగితే, పక్కవాళ్ళు తలెత్తి చూశారు. డొక్కల రాశికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఒళ్ళో సగం వలిచిన కాయ ఉంది. అలసిపోయాడు పాపం, కాసేపు కునుకు తీయనీ అనుకుని ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. ఎంత మర్యాదస్తులంటే, మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఒక్కరూ లేపలేదు. అప్పటికి లేపాల్సిన అవసరం లేకపోయింది.

సత్యవేణి మాట తప్పలేదు. మాఘమాసం చివర కాగితం వచ్చింది. భత్యం బకాయి మంజూరైంది, పింఛనుదారు చనిపోయినట్టు తెలిసింది గనక భార్య స్వయంగా వచ్చి సంతకమో వేలిముద్రో వెయ్యాలి అని పోస్టుమేను చదివి చెప్పాడు. ఇంకేమైనా రాశారా అని వీరలక్ష్మి అడిగింది. ఇంకేమీ లేదన్నాడు.

ఆఫీసుకి వెళ్ళే రోజు తెల్లవారుజామున ఆమె రేవు రాయి మీద కూర్చుంది. రోజంతా పీచు దువ్వి తాడు పేనిన చేతులు గోధుమరంగు తిరిగి, పగిలి ఉన్నాయి. గోళ్ళ సందుల్లో డొక్కల మడుగు మట్టి. గట్టు మీద గోనెసంచిలో ఇరవై కాయలు మూతి కట్టి సిద్ధంగా ఉన్నాయి, షావుకారు దగ్గర అరువుకి తెచ్చింది. ఆ ఆఫీసుకి చేతులు ఎలా తీసుకెళ్ళాలో తొమ్మిదేళ్ళు పక్కన నిలబడి చూసిన మనిషికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. చింతపండు అద్దుకుని, ఒక్కో వేలూ ఓపిగ్గా తోముకుంది. చర్మం మండినా ఆపలేదు.

బస్సు వేళయింది. ఆమె ఇటుకముక్కను నీళ్ళలో జాడించి, వచ్చే నెలకి ఉంటుందని చూరులో ఎప్పటి చోటే పెట్టింది. అతని బొటనవేలు పట్టే ఆ గుంటలో తోముతున్నంతసేపూ ఆమె వేలు వదులుగా ఆడింది, ఇప్పుడందులో రెండు బొట్ల నల్లటి నీళ్ళు నిలిచి ఉన్నాయి.